ఏడో ప్రోబు బదిలీ

సముద్ర ఇంజన్ల పరిశోధన సంస్థలో ఇంజను తప్ప అన్నీ నడుస్తాయని కాకినాడలో ఒక మాట ఉంది. అది ఉత్త అపవాదు. ఆ సంస్థలో లిఫ్టు కూడా నడవదు.

మెట్లెక్కి మూడో అంతస్తుకి వెళితే చివరి గదిలో నూకరత్నం కనిపిస్తుంది. ఉప్పాడ దగ్గర వేటకెళ్ళే ఇంట్లో పుట్టి, ఇంజనీరింగు చదివి, పరీక్ష రాసి ఈ ఉద్యోగం తెచ్చుకుంది. చేపల బోట్లకోసం సంస్థ ఒక డీజిలు ఇంజను తయారుచేస్తోంది. ఇనుము పోత పోయకముందే ఆ ఇంజన్ని కంప్యూటరులో నడిపి చూడటం ఆమె పని.

ఆ పని చెప్పుకుంటే తేలికే. సిలిండరు లోపలి చోటునంతా సాఫ్ట్‌వేరు లక్షల చిన్న గదులుగా కోస్తుంది. గాలి ఎటునుంచి వస్తుంది, ఎలా సుడి తిరుగుతుంది, డీజిలుతో కలిసి ఎక్కడ మండుతుంది, పొగ ఎటు పోతుంది, అంతా లెక్క కడుతుంది. కానీ కట్టిన లెక్కంతా రాసిపెట్టదు. అంతా రాస్తే కంప్యూటరు పొట్ట పగులుతుంది. అందుకని ఎక్కడి సంగతులు కావాలో మనమే ముందుగా అక్కడొక గుర్తు పెట్టాలి. దాన్నే ప్రోబు అంటారు. పెట్టిన చోట వేడెంత, ఒత్తిడెంత అని అది క్షణక్షణం చెబుతూ ఉంటుంది. పెట్టని చోట ఏం జరిగినా అడిగే నాథుడుండడు. పులుసు మాడుతోందో లేదో తెలియాలంటే గరిటె అడుగుదాకా పోనివ్వాలి గాని పైన తేలే కరివేపాకుని అడిగితే ఏం లాభం?

నూకరత్నం ఏడు ప్రోబులు పెట్టింది. ఆరు బాగానే ఉందన్నాయి. ఏడోది మాత్రం, పొగ బయటికి పోయే రెండు వాల్వుల మధ్య వేలు దూరని సందులో కూర్చున్నది, గోల పెట్టేసింది. అక్కడ ఇనుము తట్టుకోలేనంత వేడి. ఆ వేడికి ఇంజను తలకాయ, అంటే సిలిండరు మీద మూతలా కూర్చునే పెద్ద ఇనప దిమ్మ, ఏదో ఒకరోజు నిలువునా బీట ఇస్తుంది. మందు కూడా ఆమెకి తెలుసు. తలకాయని చల్లబరిచే నీటి దారిని ఆ సందు వెనక్కి తీసుకొస్తే చాలు. కొత్త నీటి దారి గీసి, వివరంగా రాసి పైకి పంపింది.

ఆ ఆదివారం ఊరెళితే ధనరాజు మావయ్య ఎదురొచ్చాడు. ఆయన బోటు నడిపే సరంగు, బోటుకి యజమాని కూడా తనే. చిన్నప్పుడు తండ్రి పోతే నూకరత్నాన్ని చదివించింది ఆయనే.

"ఏటే కోడలా, మీ ఇంజను ఎప్పుడిత్తారు? పాత ఇంజను తీసి గట్టున పడేసినాను."

"అప్పుడే ఎందుకు తీసేశావు మావయ్యా?"

"నీ ఇంజనని సెప్పి అందరికంటే ముందు నేనే పేరిచ్చినాను గదే. మీ ఆఫీసోళ్ళు మొదటి పరీచ్చ నా బోటుకే అన్నారు. ఏటి మొగ దాటించి, నీళ్ళు నీలంగా అయ్యేదాకా తీసుకెల్లి మరీ సూత్తాను. తేడా వత్తే నీకే సెప్తాలే!"

తేడా వస్తే చెప్పడానికి మావయ్య వెనక్కి రావాలి కదా. వేటలో ఇంజను ఆగిన బోటు ఎటు కొట్టుకుపోతుందో ఆ ఊళ్ళో పసిపిల్లలకి కూడా తెలుసు.

మర్నాడే డైరెక్టరు దగ్గర్నుంచి పిలుపొచ్చింది.

డైరెక్టరు డాక్టర్ పరాంకుశం గారు అప్పుడే గోవాలో పర్యవేక్షణ మీద శిక్షణ పొంది వచ్చారు. వచ్చిన రోజునుంచి వరండాల్లో బోర్డులు వెలిశాయి: 'చూపే ప్రగతి'. దేన్నయినా సరే చూస్తూ ఉంటే దానంతటదే బాగుపడుతుందని ఆయనకి అక్కడ నేర్పారు. ఆయన పక్కన పరిపాలనాధికారి సర్వారాయుడు గారు కూర్చున్నారు. రెండు చేతులతోనూ సర్వీసు మాన్యువలు పట్టుకున్నారు. ఆయన దాన్ని కింద పెట్టగా చూసినవాళ్ళు లేరు.

"మొత్తం ఎన్ని ప్రోబులమ్మా?" అన్నారు డైరెక్టరు.

"ఏడు సర్."

"ఎన్ని బాగుందంటున్నాయి?"

"ఆరు సర్. కానీ అవి ఉన్న చోట..."

"ఆరుగురు బాగుందంటున్నారు. ఒక్కడు బాగాలేదంటున్నాడు. ఇలాంటివాడు ప్రతి ఆఫీసులోనూ ఒకడుంటాడు. టీమ్ స్పిరిట్ లేనివాడు."

"సర్, అది ఉన్న చోటు వేడి. అందుకే వేడి అంటోంది. నీళ్ళు..."

"డిజైను మార్పుల కమిటీలో పెట్టండి. సభ్యుల నియామకం పూర్తి కాగానే చూస్తారు."

ఆ కమిటీకి సభ్యుల్ని నియమించే కమిటీలో ఇద్దరు రిటైరయ్యారనీ, మూడో ఆయన కోర్టుకి వెళ్ళారనీ అందరికీ తెలుసు. నూకరత్నం నోరు తెరిచేలోగా సర్వారాయుడు గారు గొంతు సవరించుకున్నారు.

"ఈ ఏడో ప్రోబు ఆ సీటులో ఎన్నాళ్ళనుంచి ఉందమ్మా?"

"ప్రాజెక్టు మొదలైనప్పటినుంచీ సర్. మూడేళ్ళు దాటింది."

"అదీ సంగతి!" సర్వారాయుడు గారు మాన్యువలు తెరిచారు. "సున్నితమైన స్థానాల్లో పర్యవేక్షక సిబ్బంది మూడేళ్ళకి మించి ఉండరాదు. ఉంటే స్థానిక ప్రయోజనాలు ఏర్పడతాయి. ఇది స్పష్టంగా అదే కేసు సర్."

"సర్, అది సిబ్బంది కాదు. కంప్యూటరులో ఒక చుక్క."

"పర్యవేక్షణ చేస్తోందా లేదా?"

"చేస్తోంది సర్."

"మరి! పర్యవేక్షించేది మనిషే అయివుండాలని మాన్యువల్లో ఎక్కడుందో చూపించండి."

ఎక్కడా లేదు. రాసినవాళ్ళకి ఆ అనుమానం వచ్చి ఉండదు.

సాయంత్రానికి ఉత్తర్వు దిగింది. 'పరిపాలనా సౌలభ్యము దృష్ట్యా ఏడవ ప్రోబును పొగ నిర్గమ ప్రాంతము నుండి గాలి ప్రవేశ ద్వారమునకు బదిలీ చేయడమైనది. సదరు ప్రోబు తక్షణము విధులలో చేరవలెను. ప్రయాణ భత్యము వర్తించదు.'

పై అధికారి ఉత్తర్వు కదా, నూకరత్నం పళ్ళు బిగబట్టి ప్రోబుని పాత చోటునుంచి తీసి, బయటి గాలి లోపలికొచ్చే గొట్టంలో పెట్టింది. అక్కడ చల్లగా సముద్రపు గాలి. ఏడో ప్రోబు హాయిగా ఉందని చెప్పింది.

"చూశారా!" అన్నారు పరాంకుశం గారు. ఆయన కళ్ళు చెమ్మగిల్లాయి కూడా. "అదే ప్రోబు. మంచి వాతావరణంలో పెట్టేసరికి ఎంత మారిపోయిందో! ఎవరినీ చెడ్డవాళ్ళని అనెయ్యకూడదమ్మా. అవకాశం ఇవ్వాలి."

ఇక ఆ సందులో ఏం జరుగుతోందో చెప్పేవాళ్ళు లేరు. ఎవరూ చెప్పలేదు కాబట్టి అక్కడ అంతా బాగుందని నివేదికలో రాశారు.

నూకరత్నం ఊరుకోలేదు. ఖాళీ అయిన చోట ఎనిమిదో ప్రోబు పెట్టింది. రెండో రోజే సర్వారాయుడు గారు మూడంతస్తులూ ఎక్కి రొప్పుకుంటూ వచ్చారు.

"అమ్మా, మంజూరు కాని పోస్టులో ఎవరినో కూర్చోబెట్టారట."

"ప్రోబు పెట్టడానికి పైసా ఖర్చు లేదు సర్."

"అయ్యో, అదే కదమ్మా చిక్కు! ఖర్చున్న పోస్టయితే ఏదో పద్దు చూపించి మంజూరు చేయించవచ్చు. ఖర్చే లేని పోస్టుని ఏ పద్దులో చూపించను? తీసెయ్యండి."

తీసేసింది. కానీ 'పోస్టు' అన్న మాట ఆ మెట్లమీదనుంచే కిందికి జారిపోయింది. ఇంజనులో కొత్త పోస్టులు పడుతున్నాయట అని మధ్యాహ్నానికల్లా సంస్థంతా పాకింది. మరి ఆ ఇంజనులో మన విభాగానికి ప్రాతినిధ్యం వద్దా అని అకౌంట్లవాళ్ళు అడిగారు. స్టోర్సువాళ్ళు ధర్నా చేస్తామన్నారు. సెక్యూరిటీవాళ్ళు ఇంజనులోకి వచ్చేపోయే గాలికి లెక్కాపత్రం లేదని ఫిర్యాదు చేశారు. 'చూపే ప్రగతి' అన్న పెద్దమనిషి కాదనగలరా? విభాగానికొక ప్రోబు అన్నారు పరాంకుశం గారు. ఆ తరవాత ఉపవిభాగానికొకటి అన్నారు. ఆపైన ఈ ప్రోబులు సరిగ్గా చూస్తున్నాయో లేదో చూడటానికి ప్రతి పదింటికీ ఒక పర్యవేక్షక ప్రోబు. ఖర్చు పద్దు సంగతి ఏమైందని నూకరత్నం అడిగితే, మూకుమ్మడి నియామకాలకి పద్దు అక్కర్లేదనీ, ఒకటైతేనే ఆడిటువాళ్ళ కంట్లో పడుతుందనీ సర్వారాయుడు గారు చెప్పారు.

చిత్రమేమిటంటే అన్ని ప్రోబులకీ గాలి గొట్టంలోనే పోస్టింగు కావాలి. ఎవరి ప్రోబుకి వాళ్ళు సిఫారసులు తెచ్చుకున్నారు. అకౌంట్స్ అధికారి తమ ప్రోబుకి బీపీ ఉందన్నాడు. క్యాంటీను కాంట్రాక్టరు నాలుగు పూటలు ఉచితంగా కాఫీ పోయించి గొట్టం మలుపులో చోటు సంపాదించాడు. డైరెక్టరు గారి సొంత ప్రోబుకి గొట్టంలో అన్నిటికంటే విశాలమైన చోటు ఇచ్చారు. దాని చుట్టూ ఇంకో ప్రోబు రాకూడదు. దాని పోస్టింగుకి ఉత్తర్వులతో కూడా పని లేదు. ఆయన ఎక్కడ పెట్టమంటే అక్కడే.

నెల తిరిగేసరికి గాలి గొట్టం తిరునాళ్ళలా నిండిపోయింది. పొగ వైపు పురుగు లేదు. అన్ని ప్రోబుల సగటు తీస్తే ఇంజను లోపలి వేడి మే నెల కాకినాడకంటే తక్కువ తేలింది. పరాంకుశం గారు పత్రికలవాళ్ళని పిలిచి దేశంలోకెల్లా చల్లని ఇంజను మనదేనని ప్రకటించారు. మంత్రిగారు జెండా ఊపడానికి ఒప్పుకున్నారు. తలకాయ పోత పోయడానికి ముహూర్తం పెట్టేశారు.

ఈలోగా కంప్యూటరు చతికిలబడింది. అడుగడుగునా ఇంతమంది చెప్పింది రాసుకోవాలి కదా! పూర్వం ఒక్క పూటలో ఇంజను ఒక చుట్టు తిరిగివచ్చేది. ఇప్పుడు సోమవారం కిందికి దిగడం మొదలుపెట్టిన పిస్టను శుక్రవారానికి సగం దారిలో ఉంది. అది అనుమానాస్పదంగా తచ్చాడుతోందని సెక్యూరిటీ ప్రోబు తరఫున ఒక నివేదిక కూడా వచ్చింది.

"పిస్టను ఎందుకు ఆలస్యం చేస్తోంది?" అని మెమో. నూకరత్నం ఆ మెమోని చూసి నవ్వలేదు. పోత రోజు దగ్గర పడుతోంది. అవతల మావయ్య బోటుకి కొత్త రంగు వేయించి, ముందు భాగాన 'రత్నం' అని పేరు కూడా రాయించాడట. ఆ కబురు విన్న రోజు ఆమె బాత్రూములో తలుపేసుకుని ఏడ్చింది.

దారి క్యాంటీనులో దొరికింది. స్టోర్సు గుమాస్తా గవర్రాజు పక్క బల్లమీద పెసరట్టు తింటూ తన గోడు వెళ్ళబోసుకుంటున్నాడు. సర్వారాయుడు గారికి ఎదురు చెప్పిన పాపానికి అతన్ని సముద్రపొడ్డున ఉన్న పాత పంపు షెడ్డుకి వేశారు. ఫ్యాను లేదు, నీడ లేదు. సంస్థలో శిక్షకి పెట్టింది పేరు ఆ షెడ్డు.

"మరి ఎలా ఉంటున్నావయ్యా?" అని ఎవరో అడిగారు.

"ఆయ్, ఏం చేస్తామండీ, మొదటి రోజే ఒక అర్జీ పడేశానండి. శిక్ష మీద పంపినా సరే, పనిచేసే చోట నీళ్ళు ఇవ్వాలని మాన్యువల్లో ఉందండి. ఆయనకి మాన్యువలంటే ప్రాణం కదండీ. వారం తిరక్కుండా పైపు వేయించేశారు. ఏ కమిటీ లేదండి, ఆయన సంతకం ఒక్కటేనండి."

నూకరత్నం చేతిలో కాఫీ గ్లాసు గాల్లోనే ఆగిపోయింది. ఆ తరవాత కాఫీ కూడా తాగకుండా లేచి, మెట్లు రెండేసి చొప్పున ఎక్కింది.

గాలి లోపలికొచ్చే వాల్వు తెరుచుకునే క్షణంలో మండిన పొగ రవ్వంత గాలి గొట్టంలోకి వెనక్కి తన్నుతుంది. అది ప్రతి ఇంజనులోనూ ఉండేదే. వాల్వుకి దగ్గరగా ఉన్న ప్రోబుకి ఆ వేడి ఒక్క క్షణం తగులుతుంది. గొట్టంలో జనం పెరిగాక చివరికి వాల్వు పక్కకి నెట్టుకుపోయింది ఎవరనుకున్నారు? ఏ సిఫారసూ లేని ఏడో ప్రోబే. నూకరత్నం దాని అంకెలు కాగితం మీద అచ్చు తీసి, వేడి ఎగిరిన చోట ఎర్ర గీత గీసి, ముఖం వీలైనంత దిగులుగా పెట్టుకుని సర్వారాయుడు గారి గదిలోకి వెళ్ళింది.

"సర్, మీతో చెప్పకపోతే తప్పవుతుందని వచ్చాను. ఏడో ప్రోబు మళ్ళీ వేడి అంటోంది."

సర్వారాయుడు గారి కనుబొమలు పైకి లేచాయి. "గాలి గొట్టంలో కూర్చుని? అంత సుఖమైన పోస్టింగులో? డైరెక్టరు గారి ప్రోబు అదే గొట్టంలో ఉండగా?"

"అవును సర్."

"బుద్ధి మారలేదన్నమాట. దీనికి గట్టి శిక్ష పడాలి. ఆ ఇంజనులో మన పంపు షెడ్డు లాంటి చోటు ఏదైనా ఉందా అమ్మా?"

"ఒకటుంది సర్. రెండు వాల్వుల మధ్య సందు. అక్కడికి ఎవరూ వెళ్ళరు. వెళ్ళినా ఉండలేరు."

సర్వారాయుడు గారు కలం తీసి, మళ్ళీ ఆగారు. "అక్కడే కదా ఇది ఇదివరకు పనిచేసింది? సొంత చోటుకి పంపితే శిక్ష ఎలా అవుతుంది?"

నూకరత్నం ఆ ఎర్ర గీత మీద వేలు పెట్టింది. "అక్కడ ఇప్పుడు దానికి తెలిసినవాళ్ళు ఎవరూ లేరు సర్," అంది మెల్లగా.

సంతకం పడింది. సెలవులు లేవు, వారాంతం లేదు, మిగతావాళ్ళతో కలవడం లేదు అని కింద మూడు షరతులు కూడా చేర్చారు.

ఏడో ప్రోబు పాత సీటులో కూర్చోగానే పాత పాటే ఎత్తుకుంది. ఈసారి ఆ అంకె చూసి సర్వారాయుడు గారు బల్ల చరిచారు.

"మండిపోతోందా? మండాలి మరి! శిక్షంటే అలా ఉండాలి!"

ఆ అంకెని పెద్ద అక్షరాలతో రాయించి నోటీసు బోర్డులో పెట్టించారు. క్రమశిక్షణ తప్పినవారి గతి అని పైన శీర్షిక. ఇన్నాళ్ళూ నూకరత్నం ఎవరికి చూపించినా చూడని అంకె అది. ఇప్పుడు పొద్దున హాజరు వేయడానికి వచ్చిన ప్రతివాడూ ఆగి చదువుతున్నాడు, చదివి భయపడుతున్నాడు. ఇంజను గురించి మాత్రం కాదు.

రెండు రోజులాగి నూకరత్నం అర్జీ పెట్టింది. ఏడో ప్రోబు పనిచేసే చోట నీటి వసతి లేదు, కనుక మాన్యువలు ప్రకారం కల్పించగలరు.

సర్వారాయుడు గారు అర్జీని రెండుసార్లు చదివారు. మాన్యువలు తిరగేశారు. కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు.

"శిక్షలో ఉన్నదానికి నీళ్ళేమిటమ్మా?"

"పంపు షెడ్డులో గవర్రాజు గారికి ఇచ్చారు కదా సర్. ఒకరికి ఇచ్చి ఒకరికి ఇవ్వకపోతే వివక్ష అంటారేమోనని..."

వివక్ష అన్న మాట వినగానే సర్వారాయుడు గారు కుర్చీలో నిటారుగా అయ్యారు. "అబ్బెబ్బే, ఆ పేరు రానివ్వకూడదు. తాగే నీళ్ళా, వాడకానికా?"

"పారే నీళ్ళు సర్. సందు వెనకనుంచి పారితే చాలు. ఎక్కడ వెయ్యాలో గీత గీసి తెచ్చాను."

"డిజైను మార్పు కాదు కదా? అదైతే కమిటీకి వెళ్ళాలి."

"కాదు సర్. నీటి వసతే."

"అలాగైతే నా అధికారమే చాలు." సంతకం చేసి, పోత షాపుకి 'అత్యవసర సౌకర్యాల పనులు' కింద ఉత్తర్వు పంపారు. అది నెలల తరబడి ఆమె ఏ గదిలో పెట్టినా కదలని డిజైనే. ఈ గదిలో టీ చల్లారేలోగా కదిలింది. పోత షాపువాళ్ళు మారు మాట్లాడకుండా కొత్త నీటి దారికి అచ్చు సరిచేసుకున్నారు.

కాగితం మీద సరే, కంప్యూటరులో పరీక్షించాలి కదా. అన్ని ప్రోబుల బరువుతో అది కదలదు. అదృష్టం ఏమిటంటే ప్రోబులు సిబ్బంది అయ్యాక వాటికి ఆదివారం సెలవు కూడా వచ్చింది. యూనియనువాళ్ళు పట్టుబట్టి సాధించారు. ఆ ఆదివారం గాలి గొట్టం మొత్తం ఖాళీ. సెలవు లేని ఏడో ప్రోబు ఒక్కటే డ్యూటీలో ఉంది.

పొద్దున్న మొదలుపెట్టిన లెక్క మధ్యాహ్నం భోజనాల వేళకి పూర్తయింది. పిస్టను హాయిగా దిగింది, ఎక్కింది. సందు వెనక నీళ్ళు పారాయి. ఏడో ప్రోబు చెప్పే అంకె మెల్లగా దిగి, దిగి, ఇనుము తట్టుకోగల చోట నిలబడింది. నూకరత్నం ఆ ఖాళీ అంతస్తులో ఒక్కతే కూర్చుని నవ్వింది. సంతోషం ఆపుకోలేక తెర మీద ఆ చుక్కని వేలితో ఒకసారి తాకింది కూడా.

పరీక్ష రోజున మంత్రిగారు జెండా ఊపారు. పరాంకుశం గారు పర్యవేక్షణ గురించి మాట్లాడారు. ధనరాజు మావయ్య ఇద్దరిలో ఎవరి మాటా వినకుండా ఇంజను స్టార్టు చేశాడు. బోటు మొగ దాటింది, నురగ దాటింది, చుక్కంత అయి కనబడకుండా పోయింది. భోజనాలని అందరూ షామియానాలోకి వెళ్ళారు. నూకరత్నం మాత్రం ఇసకలోంచి కదలలేదు. ఎంత లెక్క కట్టినా లెక్క లెక్కే, సముద్రం సముద్రమే. నీళ్ళ మీద ఏ మచ్చ కనిపించినా ఆమె లేచి నిలబడుతోంది.

పొద్దు వాలుతుండగా ఇంజను చప్పుడు ముందు వినిపించింది, బోటు తరవాత కనిపించింది. మావయ్య ఒక చేత్తో చుక్కాని పట్టుకుని, రెండో చేత్తో పెద్ద వంజరం చేపని ఎత్తి చూపిస్తున్నాడు. పరీక్షకని పంపితే వల కూడా వేసి వచ్చాడు.

"బాగుందే కోడలా! పొద్దుట్నుంచీ లాగించినాను, తలకాయ మీద సెయ్యేత్తే కాల్నేదు. ఆ సందు ఎనక నీళ్ళు పెట్టినారంట, అది ఎవురికి తోసిందే?"

"శిక్ష పడినవాడి కోసం వేయించిన నీళ్ళు మావయ్యా అవి," అంది నూకరత్నం.

"మంచోడే ఆడు," అన్నాడు మావయ్య, చేపని ఆమె చేతిలో పెడుతూ.

కథ అక్కడ ఆగితే బాగుండేది. కానీ బోట్లకి ఇంకా ఎన్నో ఇంజన్లు పోత పోయాలి. వారం తరవాత సర్వారాయుడు గారు మళ్ళీ మూడంతస్తులూ ఎక్కి వచ్చారు. చేతిలో ఉత్తర్వుంది.

"అమ్మా, ఏడో ప్రోబు అంకె చూశారా? పడిపోయింది! శిక్షలో ఉన్నది సుఖపడుతోంది! నోటీసు బోర్డు చూసి జనం నవ్వుకుంటున్నారు. ఇకమీదట పోసే ఇంజన్లలో ఆ సందుకి నీటి వసతి రద్దు చేస్తున్నాను."

నూకరత్నం అదిరిపడలేదు. ఇది వస్తుందని ఆమెకి ముందే తెలుసు. బోటు తిరిగొచ్చిన మర్నాడే డైరెక్టరు గారి దగ్గరికి వెళ్ళి, గాలి గొట్టం బాగా ఇరుకైపోయిందనీ, ఇప్పుడు ఇంజను మొత్తంలో పారే నీళ్ళున్న ఏకాంతమైన చోటు ఒక్కటే ఉందనీ, అక్కడినుంచి చూస్తే లోపల జరిగేదంతా కనిపిస్తుందనీ ఆయనకి చెప్పి వచ్చింది.

"రద్దు చెయ్యండి సర్," అంది. "కాకపోతే ఏడో ప్రోబు ఇప్పుడు అక్కడ లేదు. దాన్ని పక్కకి జరపాల్సి వచ్చింది."

"ఎవరు జరిపారు? ఉత్తర్వు ఏదీ?"

"ఉత్తర్వు అక్కర్లేదట సర్. మొన్నటినుంచి ఆ సందులో ఉంటున్నది డైరెక్టరు గారి ప్రోబు."

సర్వారాయుడు గారు చేతిలో కాగితాన్ని ఒకసారి చూసుకున్నారు. దాన్ని నాలుగు మడతలు పెట్టారు. మాన్యువలు చంకలో ఇరికించుకుని, ఆ మడతని చొక్కా జేబులో, మరీ లోపలికి తోశారు.

"నీళ్ళు... బాగానే వస్తున్నాయా అండీ?" అన్నారు. అమ్మా నుంచి అండీకి ఆయన ఎప్పుడు మారారో ఆయనకే తెలియలేదు.

"వస్తున్నాయి సర్."

"ఒకవేళ ఆ ప్రోబు ఎప్పుడైనా వేడి అంటే..."

"అంటే ఏం చెయ్యమంటారు సర్? బదిలీ చేద్దామా?"

"రామ రామ! అదేం మాటండీ!" సర్వారాయుడు గారు గుమ్మం దాకా వెళ్ళి, చుట్టూ చూసి, గొంతు తగ్గించారు. "వేడి అంటే వేడే. వెంటనే నాకు చెప్పండి, పోత షాపుకి నేనే పరిగెత్తుతాను."